మూగ మీట – పదకొండో భాగం: నొక్కాడా, లేదా?

శుక్రవారం సాయంత్రం ఆవిడ జేబురుమాలు విప్పి బల్ల మీద పెట్టి వెళ్లిన మీట సోమవారం ఉదయానికి కూడా అక్కడే ఉంది. దాన్ని ఎవరూ కదపలేదు. కదపవలసిన మనిషికి ధైర్యం చాలలేదు.

ఆవిడ ఏడవడానికి రాలేదు. తగువు పెట్టుకోవడానికీ రాలేదు. ఇంట్లో కుట్టుమిషను మీద బట్టలు కుట్టే మనిషి. ఆమె భర్త కోల్డ్ స్టోరేజ్‌లో సరుకు దించే మేస్త్రీ. ఐదు వారాల కిందట ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్లిన వేళ, సున్నాకి పాతిక డిగ్రీలు కింద ఉండే లోపలి గదిలో అతను ఒక్కడే ఉండగా తలుపు పడిపోయింది. లోపలివైపు గొళ్లెం బిగుసుకుపోయింది. ఆ రోజు లారీ ఆలస్యం కావడంతో ఆ గదితో ఎవరికీ పని పడలేదు. నాలుగు దాటాక తలుపు తీసినవాళ్లకి అతను గోడకు జారగిలబడి కూర్చుని కనిపించాడు.

"చేతికి మీట కట్టాం. ఆపద వస్తే నొక్కమనే కట్టాం. నొక్కి ఉంటే గేటు దగ్గర గంట మోగేది. మోగలేదు కాబట్టి నొక్కలేదు. కునుకు తీసి ఉంటాడు" అని కోల్డ్ స్టోరేజ్ వాళ్లు కాగితం రాసేశారు. ఆస్పత్రివాళ్లు గడియారం, బెల్టుతో పాటు ఆ మీటని కూడా సంచిలో వేసి భార్య చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ వెతుక్కుంటూ వచ్చి, పరీక్షల గదిలో ఉన్న ఇంజనీరుని ఒకే ఒక్క మాట అడిగింది.

"నొక్కాడా, లేదా? అది చెప్పండి చాలు."

ఆ ఇంజనీరుని ఫ్యాక్టరీలో అందరూ మీటరక్క అంటారు. చేతిలో మీటరు లేకుండా ఆమె క్యాంటీనుకి కూడా వెళ్లదని హాస్యం. ఇంట్లోవాళ్లకి చిట్టి. ఫ్యాక్టరీ ఆమె బావది, అంటే అక్క భర్తది. తండ్రి పోయాక ఆమెను ఇంజనీరింగు దాకా చదివించినవాడు, చదువైన మర్నాడే ఈ గది తాళంచెవి చేతికిచ్చినవాడు ఆయనే.

శని, ఆదివారాలు రెండూ మీటరక్క ఆ ప్రశ్న నెత్తిన పెట్టుకునే తిరిగింది. బట్టలు ఉతికింది. ఉతికినవే మళ్లీ ఉతికింది. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పావుగంట చాలు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియడమే కష్టమైపోయింది.

సోమవారం ఎనిమిదింటికల్లా వచ్చి, తలుపు దగ్గరికి వేసి, మీటని చేతిలోకి తీసుకుంది.

చూడ్డానికి అది చేతిగడియారం లాంటిది. ముళ్లు ఉండవలసిన చోట ఎర్రటి గుండీ. లోపల నాణెమంత బ్యాటరీ, దాని పక్కన వేలిగోరులో సగం కూడా లేని రేడియో చిప్. ఆ చిప్ బతుకంతా నిద్రే. అందుకే అంత చిన్న బ్యాటరీతో ఏళ్లు గడుస్తాయి. గుండీ నొక్కగానే ఉలిక్కిపడి లేస్తుంది. "నేను ఫలానా నంబరు, ఆపదలో ఉన్నాను" అని గాలిలోకి ఒక చిన్న మాట విసిరి మళ్లీ పడుకుంటుంది. గేటు దగ్గరున్న పెట్టె ఆ మాట విని గంట కొడుతుంది. ఇంతే దాని సంసారం.

కానీ బయటివాళ్లకి తెలియనిది ఒకటుంది. బ్యాటరీ ఎంత అరిగిందో తెలుసుకోవడానికి మీటరక్కే ఆ చిప్‌లో రెండు లెక్కలు పెట్టించింది. మీట ఎన్నిసార్లు నొక్కారు అన్నది ఒకటి. మాట ఎన్నిసార్లు పూర్తిగా బయటికి వెళ్లింది అన్నది రెండోది. బ్యాటరీ తీసేసినా, మనిషే పోయినా, ఆ రెండు అంకెలూ చెరిగిపోవు.

నాలుగు మరలు విప్పింది. వెనకమూత తెరవగానే పట్టీకి అంటుకున్న చెమట మరక కనిపించింది. తడిగుడ్డ అందుకోబోయి ఆగిపోయింది. దాన్ని తుడిచే హక్కు తనకు లేదనిపించింది. సన్నటి తీగలు తగిలించి, కంప్యూటరు ముందు కూర్చుంది.

తెర మీద రెండు వరుసలు వచ్చాయి.

నొక్కినవి: 246.

పంపినవి: 32.

ముప్ఫై రెండు ఎక్కడివో ఆమెకి వెంటనే అర్థమైంది. రోజూ పనిలోకి దిగేముందు గేటు దగ్గర మీట ఒకసారి నొక్కి, గంట మోగితేనే లోపలికి పంపాలని నియమం. ఆ మీట కట్టుకుని అతను ముప్ఫై రెండు రోజులు పనికి వెళ్లాడు. ముప్ఫై రెండు ఉదయాలూ గంట నిక్షేపంగా మోగింది.

మిగిలినవి రెండు వందల పద్నాలుగు.

రెండు వందల పద్నాలుగు సార్లు నొక్కాడు. ఒక్కసారి కూడా మాట బయటికి పోలేదు.

మీటరక్క కుర్చీలో వెనక్కి వాలలేదు. ముందుకీ వంగలేదు. బొటనవేలు బల్ల అంచు మీద దానంతటదే ఆడుతోంది. లెక్కపెడుతున్నట్టు నొక్కుతోంది. పదిహేను, పదహారు, పదిహేడు. ముప్ఫై దాటేసరికి వేలు నొప్పెట్టింది. ఆపేసింది. అతను ఆపలేదు.

తరువాత లేచి, కొత్త మీట ఒకటి తెచ్చి, మూలనున్న చలిపెట్టెలో పెట్టింది. పాతిక కిందికి తిప్పి గంటన్నర కాపలా కాసింది. తొడుగులేసుకున్న చేయి లోపలికి పెట్టి గుండీ నొక్కింది. కిటికీ పక్కన పరీక్షకి పెట్టుకున్న గంటపెట్టె పలకలేదు. మళ్లీ నొక్కింది. పలకలేదు. పదిసార్లు నొక్కింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

మీటని బయటికి తీసి, రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, చలికి ముడుచుకున్న పిట్టని కాచినట్టు కాచింది. కాసేపయ్యాక నొక్కింది.

గంట చెవులు చిల్లులు పడేలా మోగింది.

"ఏంటి చిట్టీ, పొద్దున్నే ఊరందరినీ లేపుతున్నావ్?"

తలుపు తోసుకుని బావ లోపలికి వచ్చాడు. చేతిలో టీ కప్పు. మనిషి ఎప్పటిలాగే ఇస్త్రీ నలగని చొక్కాలో ఉన్నాడు. నవ్వుతూనే వచ్చాడు. బల్ల మీద విప్పి ఉన్న మీటనీ, దాని పట్టీనీ చూసేసరికి ఆ నవ్వు సగంలోనే ఆగింది.

"ఇదెక్కడిది?"

"ఆ మేస్త్రీది బావా."

"నీ చేతికెలా వచ్చింది?"

"ఆయన భార్య తెచ్చిచ్చింది. నొక్కాడో లేదో చెప్పమంది."

బావ టీ కప్పు కిటికీలో పెట్టాడు. తలుపు గడియ వేశాడు. తెర వైపు చూశాడు. అంకెలు చదివినట్టు ముఖంలో ఎక్కడా తెలియలేదు. కానీ జేబులో కళ్లజోడు ఉండగా కళ్లజోడు కోసం బల్లంతా వెతికాడు.

"రెండు వందల పద్నాలుగు సార్లు నొక్కాడు బావా," అంది మీటరక్క. "ఇందాక నేనూ కొత్తది చలిపెట్టెలో పెట్టి చూశాను. చలికి బ్యాటరీ మొద్దుబారిపోతోంది. చిప్ మాట పంపేటప్పుడు ఒక్క గుక్కలో కరెంటు లాగుతుంది కదా, ఆ గుక్క బ్యాటరీ ఇవ్వలేకపోతోంది. సగంలోనే చిప్ సొమ్మసిల్లి పడిపోతోంది. మళ్లీ నొక్కితే మళ్లీ లేచి మళ్లీ పడిపోతోంది. పాత మీటల్లో కెపాసిటర్ ఉండేది. గుక్కెడు కరెంటు ముందే దాచిపెట్టి ఇచ్చేది. అది తీసేశాం."

"తీసేశాం," అన్నాడు బావ. ఆ మాటలో చివరి అక్షరాన్ని కొంచెం నొక్కి పలికాడు.

"సన్నగా ఉండాలన్నారు కదా మీరు. ఎదుటి కంపెనీ వాళ్లది గడియారంలా ఉంది, మనది అగ్గిపెట్టెలా ఉందని..."

"నేను సన్నగా ఉండాలన్నాను. కెపాసిటర్ తీసెయ్యమని నేనెప్పుడన్నాను? దాని పేరు కూడా నాకు సరిగ్గా నోరు తిరగదు."

బయటికి వెళ్లి రెండు నిమిషాల్లో పసుపుపచ్చ ఫైలుతో తిరిగొచ్చాడు. అంత తొందరగా దొరికిందంటే ముందే తీసి పెట్టుకున్నాడన్నమాట. అందులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. డిజైను మార్చినప్పుడు రాసే కాగితం. కెపాసిటర్ తొలగింపు. పరీక్షలు పూర్తి. కింద ఆమె సంతకం.

సంతకం వంకరగా ఉంది. ఎందుకు వంకరపోయిందో ఆమెకి గుర్తొచ్చింది. అక్కకి ఆపరేషను జరుగుతున్న రోజు. ఆస్పత్రి వరండాలో, గోడకి ఫైలు ఆనించి పెట్టింది ఆ సంతకం. బావ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇవాళ పంపకపోతే ఆర్డరు పోతుందట చిట్టీ, నాకేమీ తోచడం లేదు, నువ్వే చూడు" అన్నాడు.

చదవకుండా పెట్టానని తనకు తాను చెప్పుకోవడానికి లేదు. చదివింది. 'చలిలో ఇంకా చూడలేదే' అనుకుంది కూడా. వచ్చే వారం చూద్దాంలే అనుకుంది. అక్క ఇంటికి వచ్చింది, వంటా పథ్యం చూసుకోవడంలో ఆ వచ్చే వారం ఎటో వెళ్లిపోయింది.

"తరువాత నేను ఫోన్ చేసి అడిగాను కూడా," అన్నాడు బావ, నెమ్మదిగా, చిన్నపిల్లకి అన్నం తినిపిస్తున్నంత ఓపికగా. "పరీక్షలన్నీ అయినట్టేనా అని. ఏమన్నావో గుర్తుందా?"

ఆమె కాగితాన్ని పక్కకి జరిపింది.

"అయినట్టే బావా, అన్నావు. అయినట్టే. నీ మాట మీద నేను సరుకు పంపాను."

కిటికీలో టీ మీద మీగడ కట్టింది. బయట కుర్రకారు ఎవరో జోకు వేసుకుని నవ్వుతున్నారు.

"సరే," అంది చివరికి. "నాది తప్పే. ఒప్పుకుంటాను. ఇప్పుడేం చేద్దాం?"

బావకి కావలసింది ఆ మాటే. కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. గొంతు మారిపోయింది. ఇంట్లో గొంతు వచ్చింది.

"చూడు, గురువారం మేస్త్రీ చావు మీద విచారణ. మనల్ని ఎవరూ పిలవలేదు. మీట నొక్కలేదని వాళ్లే రాసుకున్నారు, వాళ్లకి అలాగే కావాలి, గొళ్లెం సంగతి పైకి రాకుండా ఉంటుంది. మనం నోరు మూసుకుంటే చాలు. రెండు నెలలు ఓపిక పట్టు. బ్యాటరీలు మార్చాలన్న వంకతో అన్ని మీటలూ వెనక్కి తెప్పిస్తాను. నువ్వు కెపాసిటర్ పెట్టి పంపు. ఎవరికీ తెలియదు. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు."

"ఎన్ని మీటలున్నాయి బయట?"

"నాలుగు వందల చిల్లర."

"ఈ రెండు నెలలూ వాళ్లలో ఎవరూ లోపల చిక్కుకోకూడదు. అంతేనా?"

"రోజూ చిక్కుకుంటారా ఏంటే! ఎప్పుడో ఒకటి జరిగింది. దానికి ఇక్కడ నలభై మంది నోట్లో మట్టి కొడతావా? అక్క ఆరోగ్యం చూశావుగా. ఈ వయసులో నన్ను కోర్టుల చుట్టూ తిప్పుతావా? నిన్ను కూతురులా చూసుకున్నాను చిట్టీ."

ఆ మాట నిజం. అందుకే అది ఆమెను పొడిచింది. ఫీజు కట్టడానికి వరసలో నిలబడింది ఆయనే. పరీక్షల రోజుల్లో తెల్లవారుజామున లేపి టీ పెట్టిచ్చింది ఆయనే. ఆమె మనసు ఒక్క క్షణం అటు ఒరిగిన మాట దాచడం ఎందుకు? ఒరిగింది. రెండు నెలలేగా అనుకుంది. సంతకం తనది. జైలు మాట వస్తే మొదట పిలిచేది తననే. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు.

ఆమె మెత్తబడిందని బావ కనిపెట్టాడు. కనిపెట్టి, ఊరట పట్టలేక ఒక మాట ఎక్కువ మాట్లాడాడు.

"అసలు ఆ పళ్ల గోడౌను వాళ్లు గొడవ చేసినప్పుడే ఈ పని మొదలెట్టాల్సింది. నాదే బద్ధకం."

మీటరక్క తలెత్తింది.

"ఏ పళ్ల గోడౌను?"

బావ కిటికీ దగ్గరికెళ్లి చల్లారిన టీ అందుకున్నాడు. తాగలేదు.

"బావా. ఏ గోడౌను?"

"ఏదో... ఆరు మీటలు వెనక్కి పంపారు. లోపల నొక్కితే గంట మోగట్లేదు, బయటికొస్తే మోగుతోంది అన్నారు. బ్యాటరీలు మార్చి పంపించాను."

"ఎప్పుడు?"

"నాలుగు నెలలవుతుంది."

నాలుగు నెలలు. మేస్త్రీ చేతికి ఆ మీట కట్టకముందు మాట. ఆరు మీటలు వచ్చి, ఈ గది తలుపు దాటకుండా ఆఫీసు నుంచే తిరిగి వెళ్లిపోయాయి. 'లోపల మోగట్లేదు, బయట మోగుతోంది.' ఆ ఒక్క వాక్యం చెవిన పడి ఉంటే ఆమెకు చలిపెట్టె కూడా అక్కర్లేదు. కూర్చున్న చోటే తెలిసిపోయేది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఆపేస్తావని."

అని బావ తనే ఆశ్చర్యపోయినట్టు ఆగిపోయాడు. అబద్ధం చెప్పడానికి వచ్చిన మనిషి నిజం జారవిడిచినప్పుడు ముఖం ఎలా ఉంటుందో మీటరక్క మొదటిసారి చూసింది. ఇన్నేళ్లలో ఆయన ఆమెకిచ్చిన పెద్ద మెప్పు అదే. 'చెప్తే నువ్వు ఆపేస్తావు.' దాన్ని కూడా ఇలాంటి చోట వినవలసి వచ్చింది.

ఆమె తెర మీది రెండు అంకెలనూ అచ్చు తీసింది. కింద పెన్నుతో రాసింది. 'కెపాసిటర్ తీసేయడానికి ఒప్పుకున్న సంతకం నాదే. చలిలో పరీక్ష చేయకుండానే అయినట్టు చెప్పాను. నాలుగు నెలల కిందట ఇదే ఫిర్యాదు వచ్చిందని ఇవాళ నాకు తెలిసింది.' తేదీ వేసింది. సంతకం చేసింది. ఈసారి వంకరపోలేదు.

బావ పక్కన నిలబడి చదువుతూనే ఉన్నాడు. ఆపడానికి చెయ్యి చాచాడు గానీ కాగితాన్ని ముట్టుకోలేదు.

"దీంతో ముందు నువ్వే మునుగుతావు. తెలుసా?"

"తెలుసు."

"అక్కకేం చెప్తావే?"

"అక్కకి మీరు చెప్పండి బావా. నేను ఇంకొకావిడకి చెప్పాలి. ఆవిడ శుక్రవారం నుంచీ ఎదురుచూస్తోంది."

గడియ తీసుకుని బయటికి నడిచింది. వెనక నుంచి ఆయన "చిట్టీ" అని పిలిచాడు. తరువాత "మేడమ్" అని పిలిచాడు. రెండో పిలుపుకి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో మొదటి దానికి తిరగలేదు.

*

కుట్టుపని ఆవిడ ఇల్లు బజారు వెనక సన్నటి వీధిలో, ఇనుపసామాన్ల కొట్టు మీద ఉంది. మెట్లు ఎంత ఇరుకంటే ఎదురుగా ఒకరు దిగితే ఇంకొకరు గోడకు అతుక్కోవాలి. మీటరక్క వెళ్లేసరికి రెండు కావస్తోంది. తలుపు తీసింది ఒక ముసలావిడ. మేస్త్రీ తల్లి.

"కోడలుపిల్ల లేదమ్మా. కూర్చో. బట్టలు కుట్టడానికిచ్చావా?"

గదిలో సగం కుట్టుమిషనే. దానిమీద దుప్పటి కప్పి ఉంది. గోడకి మేకు. మేకుకి మందపాటి చలికోటు. లోపలి గదిలో పనిచేసేవాళ్లు వేసుకునేది.

"లేదమ్మా. నేను మీ అబ్బాయి చేతిమీట తయారుచేసిన చోటు నుంచి వచ్చాను."

ముసలావిడ ముఖం చిన్నబోయింది. తప్పు చేసిన పిల్లవాడి తరఫున బడికి వచ్చి నిలబడ్డ తల్లిలా చేతులు దగ్గరికి తీసుకుంది.

"ఏం చెప్పమంటావమ్మా. నొక్కమని ఇచ్చారు, నొక్కలేదట. నిద్రపోయాడట. చిన్నప్పట్నుంచీ వాడికి నిద్రెక్కువే. అన్నం ముందు కూర్చునే తూలేవాడు. ఎన్ని తిట్లు తిట్టానో. నిద్రే నీ కొంప ముంచుతుందిరా అని నా నోటితో నేనే అన్నాను."

మీటరక్క దారిపొడుగునా మాటలు కూడదీసుకుంటూ వచ్చింది. చిప్ గురించి, బ్యాటరీ గురించి, తన తప్పు గురించి, ఒకదాని తరువాత ఒకటి పేర్చుకుంది. ఆ ముసలికళ్ల ముందు అన్నీ చెల్లాచెదురయ్యాయి.

"నిద్రపోలేదమ్మా," అంది. "నొక్కాడు. రెండు వందల పద్నాలుగు సార్లు నొక్కాడు. మా మీటే పలకలేదు. తప్పు మాది. నాది."

ముసలావిడ అర్థం కానట్టు చూసింది. పెదాలు కదిపింది. అంకె ఎంత పెద్దదో కొలుచుకుంటున్నట్టుంది.

"అన్నిసార్లా?"

"అన్నిసార్లు."

"అన్నిసార్లు పిలిస్తే ఒక్కరూ పలకలేదా తల్లీ?"

మీటరక్క నేల మీద ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. ముసలావిడ తిట్టలేదు. చెయ్యెత్తలేదు. లేచి వెళ్లి మేకుకున్న కోటు దించింది. చేతుల్లోకి తీసుకుని, దాని భుజాలు నిమురుతూ, "నిద్రపోలేదటరా. నేనే తిట్టాను. నిద్రపోలేదట," అని దానితో చెప్పింది. అలా చాలాసేపు చెప్పింది.

మీటరక్క అడిగింది. "మీ కోడలెప్పుడొస్తుందమ్మా? ఈ కాగితం ఆవిడ చేతికే ఇవ్వాలి. గురువారం విచారణలో చూపించాలి."

"సాయంత్రం ఆరింటికి. ఇవాళే కదా పనిలో చేరింది."

"ఏం పని?"

"వాడి పనే. కోల్డ్ స్టోరేజ్ వాళ్లు దయతలచి ఇచ్చారు. లోపలి గదిలో పెట్టెలు లెక్కరాసుకోవడం. వద్దే అన్నాను. 'మొన్ననే అందరికీ కొత్త మీటలిచ్చారట అత్తా, నాకేం భయం' అంది. పొద్దున్న వాళ్లిచ్చిన కొత్త కోటు వేసుకుని వెళ్లింది."

కొత్త మీటలు. కోల్డ్ స్టోరేజ్‌కి కొత్త మీటలు వెళ్లాయంటే అవి ఎక్కడినుంచి వెళ్లాయో, ఎవరు పంపారో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. గంటన్నర కాపలా కాసి పది సార్లు నొక్కినా పలకనిది ఆ సరుకులోదే.

"అక్కడి ఫోన్ నంబరుందా అమ్మా?"

తలుపు పక్కన గోడమీద పెన్సిలుతో రాసి ఉంది. మేస్త్రీ రాసుకున్నదే. మీటరక్క వేళ్లు ఒక అంకె తప్పు కొట్టాయి. మళ్లీ కొట్టింది. చాలాసేపు మోగాక సూపర్‌వైజరు ఎత్తాడు. నోట్లో ఏదో నములుతున్నాడు.

"మీటలు తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి మాట్లాడుతున్నానండీ. లోపలి గదుల్లో ఉన్నవాళ్లందరినీ వెంటనే బయటికి పిలవండి."

"ఓ, మీరా మేడమ్! మీ కొత్త మీటలు బ్రహ్మాండం. పొద్దున్న గేటు దగ్గర అందరి చేతా నొక్కించాం. గంట అదిరిపోయింది."

"అది కాదండీ, లోపల పనిచెయ్యవవి! ఇవాళ కొత్తగా చేరినావిడ ఎక్కడుంది?"

"మేస్త్రీ భార్యా? లోపలి గదిలోనే. పదకొండున్నరకి వెళ్లింది."

"భోజనానికి వచ్చిందా?"

అటువైపు నమలడం ఆగింది.

"చూళ్లేదండీ. కొత్త మనిషి కదా, మొహమాటంతో తరువాత తింటుందేమో." వెనక్కి తిరిగి ఎవరినో ఏదో అడిగాడు. జవాబు వినపడలేదు. మళ్లీ ఫోన్‌లోకి వచ్చి, ఈవిడ గొంతులో కంగారు పసిగట్టి కాబోలు, నవ్వుతూ ధైర్యం చెప్పాడు.

"మీరేం భయపడకండి మేడమ్. చేతికి మీటుందిగా. ఏమన్నా ఐతే ఆవిడే నొక్కుతుంది."